పెదాలు కదిపితే చాలు

ఆ పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసే మడతక్కకి పాటలంటే ప్రాణం. పాటలకి మాత్రం మడతక్కంటే హడలు.

ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా కనిపించదు. పదమూడేళ్ళుగా మడతల బల్ల దగ్గర నిలబడి దుప్పట్లు మడిచీ మడిచీ ఆ పేరు స్థిరపడిపోయింది. రోలరు మెషీనులోంచి వేడివేడిగా జారే దుప్పటిని మామూలుగా ఇద్దరు పట్టుకుని మడవాలి. మడతక్క ఒక్కతే గాల్లోకి విదిలించి, అంచుని అంచుకి చేర్చి, అరచేత్తో ఓ దెబ్బ వేసి పక్కన పెట్టేది. చేతులంత పొందికగా గొంతు ఉండి ఉంటే ఈపాటికి ఆమె ఎక్కడో ఉండేది. పల్లవి ఒక శ్రుతిలో ఎత్తుకుంటే చరణానికి వచ్చేసరికి ఆ శ్రుతి వేరే ఊరు వెళ్ళిపోతుంది. పైకి ఎక్కాల్సిన చోట తుప్పు పట్టిన గేటు తెరిచినట్టు ఓ కిర్రుమన్న చప్పుడొస్తుంది. ఈ సంగతి నలభై రెండేళ్ళు నిండేదాకా ఆమెకి తెలీదు. తెలియజెప్పింది వదిన.

రెండేళ్ళ నాలుగు నెలల కిందట అన్నయ్య కొడుకు పుట్టినరోజు. ఇంటినిండా చుట్టాలు. కేకు కోయడం అయ్యాక, ఎవరూ అడక్కుండానే మడతక్క లేచి నిలబడి, కళ్ళు మూసుకుని ఓ పాట ఎత్తుకుంది. వదిన అప్పుడే వంటింట్లోంచి గ్లాసుల పళ్ళెం పట్టుకుని వస్తోంది. గేటు కిర్రుమన్న చోట ఆవిడకి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది. పళ్ళెం వణికింది. గ్లాసులు ఒకదాని తర్వాత ఒకటి కిందకి దూకాయి.

"ఆపవే తల్లీ! పిల్లాడు జడుసుకుంటాడు!" అంది వదిన.

ఇల్లంతా గొల్లుమంది. మడతక్క కళ్ళు తెరిచి, అందరినీ ఓసారి చూసి, చేతిసంచీ తీసుకుని, భోజనం కూడా చేయకుండా బయటికి నడిచింది. ఆ రోజు నుంచి వదినతో మాటలు బంద్. పాట కూడా బంద్.

మాటలు మానేయడం తేలికే, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఉండగలిగితే. చిక్కల్లా ఏమిటంటే వదిన పనిచేసేది కూడా ఆ లాండ్రీలోనే. చిరిగిన దుప్పట్లకి మాసికలు వేసే కుట్టుమిషను మడతల బల్లకి ఎదురుగా, ఐదడుగుల దూరంలో ఉంది. ఆవిడని ఆ ఉద్యోగంలో పెట్టించింది స్వయానా మడతక్కే. "ఈవిడ మా వదిన" అని మొదటి రోజు అందరికీ పరిచయం చేసింది కాబట్టి లాండ్రీ అంతా ఆవిడని వదిన అనే పిలుస్తారు. సూపర్వైజరు కూడా "వదిన గారూ" అంటాడు. ఆ పిలుపు మానేసింది మడతక్క ఒక్కతే.

ఏదైనా చెప్పాల్సి వస్తే మధ్యలో బాయిలర్ బాబాయ్ ఉండాలి. ఆవిరి గొట్టాల మీటర్లు చూడ్డం ఆయన అసలు పని. ఆడపడుచుకీ వదినకీ మధ్య మాటలు మోయడం కొసరు పని.

"బాబాయ్, ఆ మిషను దగ్గరున్నావిడకి చెప్పండి, ఈ దిండు గలీబుకి బొత్తాం ఊడింది."

"అమ్మాయ్, గలీబుకి బొత్తాం ఊడిందట."

"విన్నాన్లే బాబాయ్, నాకేం చెవుడు లేదు. ఆ బొత్తాం ఎక్కడుందో కనుక్కోండి."

"బొత్తాం ఎక్కడుందో..."

"నేనూ విన్నాను. నా నోట్లో లేదని చెప్పండి."

బాబాయ్ నిట్టూర్చి, మీటరు చూడాలన్న నెపంతో జారుకునేవాడు.

ఓ మంగళవారం పొద్దున వార్డుల నుంచి మాసిన గుడ్డలు తెచ్చే వ్యాను డ్రైవరు మూటలతో పాటు ఓ కబురు కూడా దింపాడు. ఆసుపత్రి పెట్టి యాభై ఏళ్ళయిందట. ఈ శనివారం పెద్ద హాల్లో సభ. ప్రతి విభాగమూ ఓ నాలుగు నిమిషాల వీడియో చేసి ఇవ్వాలట.

"ఉపన్యాసాలా?" అన్నాడు బాబాయ్ భయంగా.

"కాదు బాబాయ్, పెదాల పాట! పాట స్పీకర్లో మోగుతూ ఉంటుంది. మనం పాడుతున్నట్టు పెదాలు కదపాలి, అంతే. ఎక్సరే వాళ్ళు చేసేశారు. నర్సులు మూడో అంతస్తు మెట్ల మీద డాన్సు కట్టారు. ఆఖరికి పెద్ద డాక్టరు గారు కూడా స్టెతస్కోపు మైకులా పట్టుకుని ఊగిపోయారు."

"మన వంతు ఎప్పుడు?" అంది రీల్స్ పిల్ల.

ఈ పిల్ల డ్రయర్ల దగ్గర పనిచేస్తుంది. ఇరవై రెండేళ్ళుంటాయి. తిండి లేకపోయినా ఉంటుంది గానీ ఫోను లేకపోతే ఉండలేదు. డ్రయర్ తిరిగే నలభై నిమిషాల్లో ఓ రీల్ తీసి, పెట్టి, దానికి ఎంతమంది లైకులు కొట్టారో చూసుకుని, గుడ్డలు బయటికి తీసేది.

డ్రైవరు నసిగాడు. "లిస్టులో మనం లేం. లాండ్రీ ఒకటుందని మర్చిపోయినట్టున్నారు."



"మర్చిపోవడమేంటి?" రీల్స్ పిల్ల గొంతు పెంచింది. "ఆ ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డనీ మనం ఉతికిన గుడ్డలోనే కదా చుట్టేది! ఆ పెద్ద డాక్టరు ఊగిపోయిన కోటు ఎవరుతికారు?"

విసవిసా సూపర్వైజరు గదిలోకి వెళ్ళింది. సూపర్వైజరు అతి నిక్కచ్చి మనిషి. నవ్వితే ఇస్త్రీ చెడుతుందేమో అన్నట్టుంటాడు. ఆ పిల్ల చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"పని ఒక్క నిమిషం కూడా ఆగకూడదు."

"ఆగదు సార్."

"ఆపరేషన్ థియేటరు గుడ్డలు టైముకి వెళ్ళాలి."

"వెళ్తాయి సార్."

ఆయన ఫైలు తెరిచాడు. సరే, అయిపోయిందనుకుని ఆ పిల్ల తలుపు దాకా వచ్చాక వెనకనుంచి చిన్నగా వినిపించింది: "మరి... నేనెక్కడ నిలబడాలి?"

పాట బాబాయ్ చెప్పాడు. ఆయన చిన్నతనంలో ప్రతి ఇంట్లోనూ మోగిన పాత సినిమా పాట. ఇద్దరు స్నేహితురాళ్ళు పోటీపడి పాడుకునేది. అలిగిన ఒకామెను ఇంకొకామె ఆటపట్టిస్తుంది, ఈమె ఎదురు సవాలు విసురుతుంది. మధ్యమధ్య "ఓహో ఓహో" అని బృందం. రీల్స్ పిల్ల ఫోనులో వెతికి పెట్టగానే మడతక్క చేతిలోని గలీబు కిందపడింది. ఆ పాటలోని ప్రతి మెలికా ఆమెకి కంఠతా వచ్చు. గొంతుకే రాదు.

రీల్స్ పిల్ల వంతులు పంచింది. మాసిన మూటల్లోంచి డ్రైవరు లేవాలి. వాషింగ్ మెషీన్ల గుండ్రటి అద్దాల వెనకనుంచి మొహాలు కనిపించాలి. సూపర్వైజరుకి "ఓహో ఓహో". బాబాయ్ ఈల వేయాలి. ఇదంతా ట్రాలీ మీద పెట్టిన ఫోను ఆగకుండా దొర్లుకుంటూ వస్తూ తీస్తుంది. కత్తిరింపుల్లేవు, అతుకుల్లేవు.

"ఇక ఆ ఇద్దరు స్నేహితురాళ్ళు," అని ఆ పిల్ల మొదలెట్టింది. "మడతల బల్ల దగ్గరికి వచ్చేసరికి ఓ పేద్ద దుప్పటి. ఇటు రెండు చెంగులు ఒకరు, అటు రెండు చెంగులు ఇంకొకరు. ఒక్కో లైనుకీ ఒక్కో మడత వేస్తూ దగ్గరికి రావాలి. ఇటు మడతక్క. అటు..."

చెప్పక్కర్లేకపోయింది. కుట్టుమిషను టకటక ఆగిపోయింది.

"కుదరదు," అంది మడతక్క. "నేను ఆవిడతో మాట్లాడను."

"బాబాయ్," అంది వదిన. "నాకూ కుదరదని చెప్పండి."

అందరూ బాబాయ్ వంక చూశారు. ఆయన మెడలోని తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"మాటంటే ఏమిటి? గొంతులోంచి శబ్దం రావాలి. ఇందులో శబ్దం మనది కాదు, ఎవరో మహాతల్లులు ఎప్పుడో పాడి పెట్టింది. మనం పెదాలు కదుపుతాం, అంతే. నమిలినా పెదాలు కదుల్తాయి. ఎదురెదురుగా కూర్చుని నమిలితే మాట్లాడినట్టా?"

"కాదనుకోండి," అంది మడతక్క.

"అయితే మీ పంతం పంతంగానే ఉంటుంది. పాటకి పాటే."

మడతపేచీలో మడతక్కని మించినవాళ్ళు లేరని పేరు. అలాంటిది ఆమెకే ఈ తర్కంలో ఎక్కడా లొసుగు దొరకలేదు. నిజం చెప్పాలంటే వెతకలేదు. ఆమె మనసు అప్పటికే పల్లవి దగ్గర ఉంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళగానే స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకుంది. ఫోనులో పాట పెట్టి, అద్దం ముందు నిలబడి పెదాలు కదిపింది.

*నీ వాకిట వెన్నెలెంత, చెప్పవే చినదానా?*

అద్దంలో ఉన్న మనిషి నోట్లోంచి తేనెలా జారింది పాట. మడతక్క ఉలిక్కిపడి చుట్టూ చూసింది. మళ్ళీ పెట్టింది. ఈసారి తల కొంచెం వాల్చి, కనుబొమ్మ ఎగరేసింది. గొంతు పైకి ఎక్కాల్సిన చోట ఎక్కింది, గాల్లో గిరికీ కొట్టి మెత్తగా దిగింది. ఎక్కడా కిర్రుమనలేదు! ఆమెకి ఒళ్ళు జల్లుమంది. దువ్వెన మైకు అయింది, తువ్వాలు పైట అయింది. ఆరోసారికి బకెట్టు మీదికి ఓ కాలు పెట్టి, ఎదురుగా ఉన్న సబ్బుపెట్టెకి సవాలు విసిరింది.

బయటనుంచి మొగుడు తలుపు తట్టాడు. "ఏమేవ్, లోపల నీతో ఎవరున్నారు?"

"నేనే!"

"పాడేదెవరు?"

"నేనేనండీ!" అంది మడతక్క. అంది గానీ నవ్వాపుకోలేక గోడకి ఆనుకుంది. రెండేళ్ళ నాలుగు నెలల తర్వాత ఆ నోట్లోంచి పాట వచ్చింది. ఎవరిదైతేనేం?

రిహార్సల్ టీ విరామంలో. వదిన దుప్పటి చెంగులు పట్టుకుని, చూపు మాత్రం గోడ మీది గడియారం మీద పెట్టి, పెదాలు కదిపింది. మడతక్క వంతు రాగానే వెన్నెల సంగతి అడిగింది, చేయి తిప్పింది, తల వాల్చింది. అందరూ ఒక్కసారిగా చెవులు మూసుకున్నారు.

"అక్కా! శబ్దం!" అని అరిచింది రీల్స్ పిల్ల.

"నేనా? శబ్దం చేశానా?"

"చేశావు. పెదాలే, అక్కా! పెదాలొక్కటే!"

మడతక్క నాలిక కరుచుకుంది. రెండోసారీ అంతే. పాట మొదలవగానే ఒళ్ళు మరిచిపోయేది, గేటు కిర్రుమనేది. మూడోసారికి గొంతు గట్టిగా నొక్కి పట్టింది గానీ, నోరు కూడా బిగుసుకుపోయింది.

వదిన గడియారం మీంచి చూపు తీయకుండానే అంది: "బాబాయ్, ఆవిడకి చెప్పండి. నోరు అంత ముడిస్తే పాటలా లేదు, పంటినొప్పిలా ఉంది. హాయిగా తెరవమనండి. లోపల మాత్రం ఊపిరి బిగబట్టమనండి. శబ్దం రాదు."

మడతక్కకి ఒళ్ళు మండింది. ఈవిడా తనకి పాట నేర్పేది! కసిగా ఊపిరి బిగబట్టి, నోరు బార్లా తెరిచింది. చప్పుడు రాలేదు. రీల్స్ పిల్ల చప్పట్లు కొట్టింది.

"బాబాయ్," అంది మడతక్క తప్పనిసరై. "బాగానే చెప్పిందని చెప్పండి. గోడకి కాదు, నాకు సవాలు విసరమని కూడా చెప్పండి. ఆ గడియారం ఏం పాపం చేసింది?"

వదిన మొదటిసారి గడియారం మీంచి చూపు దించింది. రెండో చరణం మొదలైంది. మడతక్క పెదాలు అడిగాయి:

*నీ అలకకి వయసెంత, నిజం చెప్పవే నెరజాణా?*

వదిన పెదాలు జవాబిచ్చాయి:

*నువు పిలిచే పిలుపంత, పిలవవే ఒకసారైనా!*

డ్రైవరు దగ్గొచ్చినట్టు నటిస్తూ మూటల వెనక్కి వెళ్ళాడు. బాబాయ్ ఎప్పుడూ లేనంత శ్రద్ధగా మీటరు చూశాడు. వాళ్ళిద్దరూ ఎవరి చెంగులు వాళ్ళు వదిలేసి, ఏమీ జరగనట్టు పనిలోకి పోయారు.

శుక్రవారం వీడియో తీసే రోజు. మూడింటికల్లా ఆఫీసులో ఇచ్చేయాలి, రెండున్నరకి థియేటరు గుడ్డల బండి. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి రీల్స్ పిల్ల ట్రాలీకి ఫోను కట్టి, కింది అరలో స్పీకరు పెట్టింది. షెడ్డంతా పెళ్ళివారి విడిదిలా ఉంది. వాషింగ్ మెషీన్ల వాళ్ళు తలకి గలీబులు తలపాగాల్లా చుట్టారు. సూపర్వైజరు అద్దాలగదిలో ఒక్కడే కూర్చుని, చేపలా నోరు తెరుస్తూ మూస్తూ రెండు రోజులుగా "ఓహో" సాధన చేస్తున్నాడని అందరికీ తెలుసు. ఎవరూ చూడనట్టే ఉన్నారు.

మొదటిసారి డ్రైవరు మూటల్లోంచి లేస్తూనే తుమ్మాడు. ఒకటి కాదు, ఐదు. ఆపాల్సి వచ్చింది.

రెండోసారి అన్నీ సవ్యంగా నడిచాయి. డ్రయరు తలుపు తెరుచుకుంది, సూపర్వైజరు రెండు చేతుల నిండా గలీబులు పైకి విసిరి "ఓహో ఓహో" అన్నాడు. అందులో ఒకటి తిన్నగా వచ్చి ఆయన మొహానికి అతుక్కుంది. గుడ్డ కిందనుంచి కూడా ఆయన ఓహో మానలేదు. అంత నిక్కచ్చి! ట్రాలీ నెట్టేవాళ్ళకే నవ్వాగక ట్రాలీ గోడకి గుద్దుకుంది.

"ఇంకొక్కసారే టైముంది," అంది రీల్స్ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ. "ఈసారి ఏం జరిగినా ఆగకూడదు. పైకప్పు కూలినా సరే."

మూడోసారి డ్రైవరు తుమ్మలేదు. అద్దాల వెనక మొహాలు మెరిశాయి. సూపర్వైజరు గలీబులు మల్లెపూల వానలా కురిశాయి. బాబాయ్ ఈల వేశాడు, దానికి తోడు ఆవిరి వాల్వు కూడా బుస్సుమంది. ట్రాలీ మలుపు తిరిగి మడతల బల్ల దగ్గరికి వచ్చింది. తెల్లటి దుప్పటి గుప్పున పైకి లేచింది. మడతక్క వెన్నెల సంగతి అడిగింది, వదిన పెదాలు దోసిలంత అని జవాబిచ్చాయి. మొదటి మడత. ఇద్దరూ ఒక్కో అడుగు ముందుకి. రెండో చరణం మొదలైంది. మడతక్క నోరు తెరిచింది.

పాట ఆగిపోయింది.

స్పీకరులో చార్జింగు అయిపోయింది. రిహార్సల్ మొదలు అందరూ మార్చిమార్చి వాడారే తప్ప దాన్ని ప్లగ్గుకి తగిలించాలని ఎవరికీ తోచలేదు. షెడ్డులో మెషీన్ల గురగుర ఒక్కటే మిగిలింది. ఫోను మీద ఎర్రచుక్క ఇంకా వెలుగుతోంది. ట్రాలీ వెనక రీల్స్ పిల్ల మొహం పాలిపోయింది. వెనక ఉన్న బృందమంతా చేతులు గాల్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయారు. మడతక్క నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

దుప్పటికి అటువైపునుంచి ఓ గొంతు వినిపించింది.

"పాడవే!"

మడతక్క వెనక్కి తిరిగి చూసింది, ఎవర్నో అంటోందేమోనని.

"నిన్నే! పాట తెలుసుగా, పాడు! ఆగావంటే మళ్ళీ మొదటికొస్తుంది!"

మధ్యలో బాబాయ్ లేడు. మాట తిన్నగా వచ్చి తగిలింది. మడతక్క ఊపిరి పీల్చుకుంది. బిగబట్టలేదు.

*నీ అలకకి వయసెంత...*

వచ్చింది, ఎలా రావాలో అలాగే వచ్చింది. శ్రుతి వేరే ఊరు వెళ్ళింది. కంగారులో వేగం రెట్టింపయింది. అయితే ఆ పాటకి ఎదురుగా వదిన పెదాలు ఠంచనుగా కదిలాయి, తన లైను కూడా మడతక్కే పాడుతుంటే. గొంతు ఎటు పోతే ఆ పెదాలు అటు పోయాయి. గేటు కిర్రుమన్న చోట వదిన కళ్ళు పెద్దవి చేసి, మెడ సాచి, ఆ కిర్రు తన గొంతులోంచే వచ్చిందన్నంత ఠీవిగా నోరు తెరిచింది. అది చూసి మడతక్కకి పిచ్చి ఊపొచ్చింది. ఇంకా గట్టిగా ఎత్తుకుంది. రెండో మడత, మూడో మడత! వెనకనుంచి బృందం పరిగెత్తుకుంటూ వచ్చి చుట్టూ చేరింది. అంతమంది నోళ్ళు, ఒక్కటే గొంతు. సూపర్వైజరు చోటుకాని చోట "ఓహో" అన్నాడు. ఆమె ఆ "ఓహో" కూడా పాడేసింది. చివరి మడతకి ఇద్దరి ముక్కులూ రాసుకునేంత దగ్గరికి వచ్చారు. దుప్పటి నలుచదరంగా మడిచి ఉంది. బాబాయ్ ఈల వేశాడు.

ఎర్రచుక్క ఆరింది. మరుక్షణం ఎవరు ఎక్కడ నిలబడ్డారో అక్కడే కూలబడ్డారు. డ్రైవరు మూటల మీద పడి దొర్లాడు. సూపర్వైజరు కళ్ళజోడు తీసి తుడుస్తూనే ఉన్నాడు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

రీల్స్ పిల్ల ఫోనులో ఏదో కుస్తీ పట్టింది. పది నిమిషాల తర్వాత తలెత్తింది.

"అసలు పాట పైన పెడదామని చూశాను. కుదరట్లేదు. అక్క రెండింతల వేగంతో పాడింది, పెదాలన్నీ అక్క గొంతుకే సరిపోయాయి. మళ్ళీ తీసే టైము లేదు." ఆ తర్వాత మెల్లగా అంది: "అక్కా, నీ గొంతే ఉంచాలి. నీకిష్టమైతేనే. లేదంటే వద్దులే, ఇవ్వడం మానేద్దాం."

మడతక్క దుప్పటి మడతని అరచేత్తో రుద్దింది. అది అప్పటికే నున్నగా ఉంది.

"నవ్వుతారు," అంది.

"నవ్వుతారు మరి," అంది వదిన. "నీ గొంతు అలాంటిది."

"నువ్వూ నవ్వావు."

"నవ్వాను. నవ్వొచ్చింది, నవ్వాను. ఇప్పుడైనా అంతే, అబద్ధమెందుకు?" వదిన దగ్గరికొచ్చి బల్ల అంచు పట్టుకుంది. "కానీ ఆపమన్నాను చూడు, అది నా తప్పు. మా పెళ్ళయిన కొత్తలో నువ్వు గిన్నెలు తోముతూ పాడేదానివి, గుడ్డలు ఆరేస్తూ పాడేదానివి. ఘోరంగా ఉండేది. ఏ రోజైనా నువ్వు పాడకపోతే మాత్రం, పిల్లకి ఒంట్లో బాలేదేమోనని నుదురు పట్టి చూసేదాన్ని. ఆ పుట్టినరోజు తర్వాత నువ్వు మా గడప తొక్కలేదు. ఇక్కడ చూస్తే మూగదానిలా దుప్పట్లు మడుస్తున్నావు. ఎదురుగా కూర్చుని ఎన్నిసార్లు సూది పొడుచుకున్నానో!"

"మరి చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్పను? మాట్లాడట్లేదుగా!"

బాబాయ్ ఫక్కుమన్నాడు. మడతక్క నవ్వకూడదనుకుంది గానీ, నవ్వు ముక్కులోంచి తన్నుకొచ్చింది.

"ఇచ్చెయ్యవే పిల్లా," అంది రీల్స్ పిల్లతో. "ఉన్న గొంతు ఉన్నట్టే ఇచ్చెయ్."

శనివారం సాయంత్రం పెద్ద హాలు కిక్కిరిసింది. నర్సుల మెట్ల డాన్సు, ఎక్సరే వాళ్ళ చీకటి వెలుగుల విన్యాసం, పెద్ద డాక్టరు గారి స్టెతస్కోపు అన్నీ అయ్యాయి. అన్నీ నున్నగా, ముచ్చటగా ఉన్నాయి. చిట్టచివర తెర మీద మాసిన మూటల గుట్ట కనిపించింది. అందులోంచి డ్రైవరు లేచాడు. వెనక వరసలో మడతక్క వదిన చేయి దొరకబుచ్చుకుని, గోళ్ళు దిగేలా పట్టుకుంది.

సూపర్వైజరు గలీబుల వానకే జనం ఈలలు వేశారు. దుప్పటి లేచింది. పాట ఆగింది. "పాడవే!" అన్న కేక స్పీకర్లలోంచి మోగింది. ఆ వెంటనే గేటు కిర్రుమంది.

నవ్వు ముందు వరసలో మొదలై కెరటంలా వెనక్కి వచ్చింది. మడతక్క కళ్ళు మూసుకుంది. ఇప్పుడు ఎవరో ఆపేస్తారు, అనుకుంది. ఎవరూ ఆపలేదు. కళ్ళు తెరిచేసరికి ముందు కూర్చున్న నర్సమ్మ పెదాలు కదులుతున్నాయి. ఆవిడ పక్కన వంటశాల మేస్త్రీ, ఆ పక్కన పెద్ద డాక్టరు గారు, ఎవరికీ గొంతు పెగలట్లేదు, అందరూ నవ్వుతూనే నోళ్ళు తెరుస్తున్నారు. పాట పాతదే కదా, అందరికీ వచ్చిందే. హాలు హాలంతా మడతక్క గొంతుకి పెదాలు కదుపుతోంది. కిర్రుమనే చోటు మళ్ళీ వచ్చేసరికి ఐదొందల మంది ఒక్కసారిగా మెడలు సాచారు.

వదినకి నవ్వి నవ్వి కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. పక్కనే మడతక్కకి పొట్ట పట్టేసింది. తన గొంతు విని తాను ఇంతలా నవ్వడం ఆమెకి ఇదే మొదలు.

"అమ్మబాబోయ్, ఇంత ఘోరంగా ఉంటుందా నాది!"

"నేను చెప్పలా?"

"చెప్పావు వదినా, చెప్పావు!"

దీపాలు వెలిగాక జనం వాళ్ళ చుట్టూ మూగారు. బహుమతులు లాంటివేం లేవు గానీ, ఎక్సరే వాళ్ళు వచ్చే ఏడు తమకి పాడమని అప్పుడే మాట తీసుకున్నారు. లాండ్రీ ఎక్కడుందని ముగ్గురు డాక్టర్లు అడిగారు. సూపర్వైజరు వాళ్ళకి దారి చెబుతూ, అడక్కపోయినా రెండుసార్లు ఓహో అని చూపించాడు.

ఇద్దరూ ఇంటికి ఒకే బస్సెక్కారు. రెండేళ్ళ నాలుగు నెలల కబుర్లు పేరుకుపోయి ఉన్నాయి. పిన్ని గారి మోకాలి నొప్పి, పిల్లాడి లెక్కల మార్కులు, కొత్తగా వచ్చిన పక్కింటావిడ బడాయి, మడతక్క మొగుడు కొని తెచ్చిన పనికిరాని మిక్సీ. ఒకరు చెబుతుండగానే ఇంకొకరు అందుకునేవాళ్ళు. ఎవరు ఎవరి మాట వింటున్నారో కండక్టరుకి అర్థం కాలేదు. దిగాల్సిన స్టాపు వెళ్ళిపోయింది. ఆ తర్వాతదీ వెళ్ళిపోయింది. చివరి స్టాపులో అందరూ దిగాక, "అమ్మా, ఇక్కడితో ఆఖరు, బండి వెనక్కి తిరుగుతుంది," అన్నాడు కండక్టరు.

"తిరగనివ్వండి," అంది వదిన. "మేమూ వెనక్కే వెళ్ళాలి. రెండు టికెట్లివ్వండి."

"అది కాదు వదినా, ఆ మిక్సీ సంగతి పూర్తిగా విను ముందు," అంది మడతక్క, కిటికీ వైపు సర్దుకుని కూర్చుంటూ.